సంఘం ధ్యేయం రాసే రోజు నీ పెన్ను బ్యాగులోనే ఉంచు

అమ్మాయ్,

ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసే ఆడవాళ్లంతా కలిసి సంఘం పెట్టుకుంటున్నారని చెప్పావు, సంతోషం. కానీ మిషన్ స్టేట్‌మెంటు, అంటే సంఘం ధ్యేయం చెప్పే వాక్యం, నువ్వే రాసుకెళ్లి, మీటింగులో చదివి, అందరికీ ఓకేనా అని చేతులెత్తిస్తానన్నావు చూడు, అది మాత్రం నాకు నచ్చలేదు. చేతులెత్తుతారు, ఎందుకెత్తరు? చదువుకున్న పిల్ల, పైగా వాళ్ల కోసం తిరుగుతున్న పిల్ల, నీ మాట కాదంటారా? ఇంటికెళ్లి పొయ్యి వెలిగించేసరికి అందులో ఒక్క ముక్క కూడా గుర్తుండదు.

రిజిస్ట్రేషన్ సంగతి వేరు. 2001 చట్టం కింద సొసైటీ పెట్టినా, 1995 చట్టం కింద మాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘం) పెట్టినా ఉద్దేశాలు కాగితం మీద రాసివ్వాల్సిందే. ఆ భాష రాసిపెట్టేవాళ్లు ఉంటారు, దానికి టెన్షన్ పడకు. ముందు ఈ సంఘం దేనికో వాళ్ల నోటితో వాళ్లు చెప్పుకోవాలి.

మన నెల్లూరు జిల్లాలోనే దూబగుంట ఊరు ఉంది కదా. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడులు నడిచినప్పుడు, తాగుడు వల్ల గుల్లయిన ఇంటి కథ ఒకటి పాఠంగా చదివించారు. ఆ పాఠం మీద ఆడవాళ్లు మాట్లాడుకున్నారు, ఆ మాటల్లోంచి 1992లో సారా మీద పోరాటం లేచింది. వాళ్లు అడిగింది ఒక్కటే, ఊళ్లో సారా కొట్టు ఉండకూడదని. మహిళా సాధికారత అనో, సమగ్ర అభివృద్ధి అనో ఎవరూ అనలేదు. పొద్దున్నే వీధిలోకొస్తే కొట్టు ఉందో లేదో కళ్లకు కనిపిస్తుంది. అందుకే ఎవరూ దాన్ని బట్టీ పట్టాల్సిన పని పడలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. మీ వాక్యం కూడా అలా కళ్లతో చూసి తేల్చుకోగలిగేదిగా ఉండాలి.

ఇక కూర్చోబెట్టడం. స్టేజీ వద్దు, మైకు వద్దు. చాపలు పరిచి గుండ్రంగా కూర్చోండి, నువ్వు కూడా కిందే. బ్యాంకు వాళ్లనీ మండలం ఆఫీసు వాళ్లనీ పిలవాల్సి వస్తే ఆఖరి అరగంటకి పిలువు. వాళ్లు ముందే వస్తే మాట లోన్ల మీదకి పోతుంది, మళ్లీ వెనక్కి రాదు.

మన లక్ష్యం ఏంటమ్మా అని మాత్రం మొదలుపెట్టకు. అలా అడిగితే టీవీలో విన్న మాటలే వస్తాయి. పోయిన నెలలో ఈ పనిలో మీకు బాగా కడుపు మండింది ఎప్పుడు అని అడుగు. అడిగాక గమ్మున ఉండు. ఆ నిశ్శబ్దం నీకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, అయినా నోరు తెరవకు. ముందు పక్కనున్న మనిషితో చెప్పుకోనీ, తర్వాత చీటీ మీద రాయనీ. రాయడం రానివాళ్ల దగ్గర బడి పిల్లల్ని కూర్చోబెట్టు. పెద్దావిడ ఏమంటే అదే రాయాలని పిల్లలకి గట్టిగా చెప్పు. "కర్ర దొరికిన రోజు చేతిలో డబ్బులుండవు, డబ్బులున్న రోజు కర్ర దొరకదు" అని ఒకావిడ అందనుకో, చీటీ మీద అదే ఉండాలి. నీ చేతికి పెన్నిస్తే దాన్ని 'ముడిసరుకు లభ్యతలో సమస్యలు' అని రాస్తావు. నాకు తెలుసుగా నీ సంగతి! ఆ ముక్క చూసి ఆవిడే తన మాటని గుర్తుపట్టదు.

చీటీలన్నీ గోడకి అంటించి, ఒకేలా ఉన్నవాటిని ఒక చోటికి వాళ్లనే చేర్చమను. అప్పుడు గొడవ మొదలవుతుంది. దళారికి అమ్మడం మానేద్దామని ఒకరు, అడ్వాన్సు ఇచ్చేది ఆయనే కదా, మీరిస్తారా అని ఇంకొకరు. మెషీన్ మీద చేసిన స్పూను మన సరుకేనా, కాదా? చుట్టుపక్కల ఊళ్ల వాళ్లని చేర్చుకుందామా? నువ్వు సర్దిచెప్పడానికి పరిగెత్తొద్దు. తిట్టుకునేదాకా పోతే ఆపు, అంతవరకు వదిలెయ్. అసలు సరుకంతా ఆ గొడవలోనే ఉంది. గొడవే లేకుండా తేలిపోయిన ధ్యేయాన్ని నేనైతే నమ్మను.

వాక్యం మాత్రం గుంపులో కూర్చుని రాయకండి. నలభై మంది కలిసి ఒక్క వాక్యం రాస్తే దానికి తలా తోకా ఉండదు. టీ తాగే లోపు ఇద్దర్ని పక్కకి పంపు. ఒకరు బాగా మాట్లాడిన మనిషి, ఇంకొకరు అడ్డం తిరిగిన మనిషి. ఎవరి కోసం, ఏం చేస్తాం, ఏది చెయ్యం, ఈ మూడూ అందులో రావాలి. మూడోది రాయడానికి అందరూ వెనకాడతారు. పట్టుబట్టు.

వాళ్లు రాసుకొచ్చాక మెచ్చుకోలు వద్దు, పరీక్ష పెట్టు. హైదరాబాద్ షాపతను వచ్చి మెషీన్ స్పూన్ల మీద మీ సంఘం పేరు వేసుకుంటా, డబ్బులిస్తా అన్నాడనుకో, ఈ వాక్యం చూసి అవునంటారా, కాదంటారా? సగం మంది అవును, సగం మంది కాదు అంటే వాక్యం ఇంకా తేలలేదన్నమాట. ఆ రోజుకి వదిలేసి, వారం తర్వాత మళ్లీ కూర్చోండి. ఈలోగా మీటింగుకి రాలేకపోయిన వాళ్ల ఇళ్లకి వెళ్లి చదివి వినిపించు. చివరికి ఒప్పుకోని వాళ్లుంటే వాళ్ల మాట కూడా మినిట్స్ బుక్కులో రాయించు. తర్వాత ఏడాది సభలో ఆ పేజీ అవసరం పడుతుంది.

నన్ను రమ్మన్నావు. నేను రాను. నేనొస్తే అందరూ నా మొహమే చూస్తారు, నువ్వు కూడా. చార్టులు, లావు స్కెచ్ పెన్నులు ఇక్కడ నెల్లూరులో కొని బస్సులో పంపిస్తా, ఎన్ని కావాలో ఫోన్ చెయ్.

మీ అత్త