అల్లుడూ, ఆ సంతకం పెట్టే ముందు

అల్లుడూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో కేకలేశాను, నిజమే. నలభై వేలకి నీ ఆరు పాటల హక్కులూ రాసిచ్చేసి గిటారు అటకెక్కిస్తానన్నావు, అక్కడ కోపమొచ్చింది. నీ మీద కాదులే.

1996లో నేనూ అలాగే ఇచ్చాను. క్యాసెట్ల రోజులవి. పెళ్లిళ్లకీ వినాయక పందిళ్లకీ ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తూ, తీరిక దొరికితే సొంత పాటలు కట్టుకునేవాణ్ణి. ఒకాయన మూడు పాటలు విని, విశాఖ జగదాంబ జంక్షన్‌లో టీ తాగించి, మూడు వేలు చేతిలో పెట్టి స్టాంపు కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. నేను చదవలేదు. రెండేళ్ల తర్వాత గాజువాకలో ఎక్కిన ఆటోలో నా పాట మోగుతోంది. గొంతు వేరు, పేరు వేరు. ఆగలేక "ఈ పాట నాదేనయ్యా" అన్నాను డ్రైవరుతో. "అలాగా అండీ, కాంప్లెక్స్ దగ్గర దిగుతారా?" అన్నాడు.

ఇప్పుడు చట్టం కాస్త నీ వైపు ఉంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. హక్కులు అమ్మేసినా సరే, పాట రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ రాయల్టీలో, అంటే పాట వాడినందుకు వచ్చే డబ్బులో, కొన్నవాళ్లతో సమాన వాటా రావాలి. ఆ వాటాని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి లేదు. కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశం వరకే. నీకిచ్చిన దాంట్లో మాత్రం "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ఉందన్నావు. ఆ రెండు మాటలూ కొట్టించు. మూడేళ్లకి ఇస్తానను. ఒప్పుకోకపోతే టీ తాగేసి లేచి వచ్చెయ్.

ఇంకో సంగతి. పాట మీద హక్కు వేరు, రికార్డింగ్ మీద హక్కు వేరు. స్టూడియో డబ్బు వాళ్లు పెడితే ఆ రికార్డింగ్ మాది అంటారు, అందులో తప్పు లేదు. పాట నీదే అని మాత్రం రాయించుకో. రాయల్టీలు వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకో. నీతో డ్రమ్స్ వాయించే కుర్రాడికి వాటా ఎంతో కూడా ఇప్పుడే కాగితం మీద పెట్టు. పాట ఆడాక మొదలయ్యే గొడవల్లో స్నేహాలు మిగలవు.

ఆరు పాటలూ ఒకేసారి విడుదల చెయ్యొద్దు. స్పాటిఫై వాళ్లు 2024 నుంచి, పన్నెండు నెలల్లో వెయ్యిసార్లు వినని పాటకి పైసా లెక్కకట్టడం లేదు. ఒక్కటి వదులు, దాని వెనకాల రెండు నెలలు తిరుగు, అప్పుడు రెండోది. కేఫుల వాళ్లు పేరొస్తుంది పాడమంటే, రానుపోను ఆటో ఖర్చూ భోజనమూ ముందే మాట్లాడుకో. పేరుకి పెట్రోలు పొయ్యరు ఎవరూ.

పరవాడ ఉద్యోగం మానతానన్న మాట మళ్లీ ఎత్తకు. షిఫ్టు దిగొచ్చి పాడితే గొంతు అలిసిపోతోందన్నావు. అలిసిన రోజు పాడకు, రాసుకో. నెల తిరిగేసరికి జీతం పడుతుంటే ఆ నలభై వేలు నీకు అంత పెద్దగా కనిపించేవా?

పాట గురించి కూడా ఒక మాట చెప్పనీ. నువ్వు పంపిన రెండో పాటలో "కల" అన్న చోట అరిచి సాగదీశావు. మొదటి అక్షరం సాగేసరికి నాకు "కాల" అని వినబడింది. మన భాషలో హ్రస్వం సాగితే అర్థమే మారిపోతుంది. దాన్ని "కలలో" అని మార్చి ఆ చివరి ఓ మీద ఎంతసేపు ఉంటావో ఉండు. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ఆగుతాయి కదా, ఇంగ్లిష్ రాక్‌లోలాగా టక్కున తెంపితే కుంటినట్టుంటాయి. ఇంకొకటి, ఆ పేపరు భాష ఎందుకురా? మీ అమ్మమ్మ "ఏటి సేస్తన్నావురా" అంటుంది చూడు, అదెందుకు రాదు నీ పాటలో? జానపద గాయకుడు వంగపండు గారు మన యాసలోనే పాడి రాష్ట్రమంతా పాడించారు.

ఇక రాయాలా వద్దా అనుకుంటూ ఆపినది. నిద్ర పట్టక రోజూ రెండు పెగ్గులు వేస్తున్నానన్నావు, నవ్వుతూ. నేనూ అలాగే నవ్వేవాణ్ణి. ఆ ఆటో సంగతి జరిగిన ఏడాది, ఒక రాత్రి కచేరీ డబ్బులన్నీ తాగేసి పెద జాలారిపేట ఒడ్డున ఇసకలో పడిపోయాను. తెల్లారి లేచి చూస్తే పక్కన గిటారు లేదు. ఎవరో ఎత్తుకుపోయారని ఏడుపొచ్చింది. ఒక ముసలాయన పిలిచి తన పడవ చూపించాడు. మంచుకి తడుస్తుందని గిటారు పడవలో పెట్టి, పైన వల కప్పాడు. "నిన్ను ఎత్తలేకపోయాను బాబూ, దీన్ని ఎత్తాను" అన్నాడు. ఆ వారమంతా మీ అమ్మ నాతో మాట్లాడలేదు, కానీ మూడు పూటలా క్యారేజీ పంపింది.

బాధలో ఉంటేనే పాట వస్తుందని ఎవరు చెప్పారో నీకు! నాకు తాగిన రాత్రుల్లో ఒక్క చరణమూ రాలేదు. నాతో చెప్పలేని రోజున 14416కి ఫోన్ చెయ్, టెలి మానస్ అని, మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ లైను, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. సిగ్గుపడకు.

శనివారం షిఫ్టు దిగి నేరుగా ఇంటికొచ్చెయ్. మీ అత్త వంజరం పులుసు పెడతానంది. ఆ కాగితం తెచ్చుకో, కూర్చుని వరసగా చదువుదాం. గిటారు కూడా తే. తీగలు ఈ ఉప్పుగాలికి తుప్పు పట్టుంటాయి, నా దగ్గర కొత్త సెట్టు ఒకటి ఉంది.

మీ మావయ్య