మా తమ్ముడి ఇంటి ప్రతిష్ఠలో నేను చేసిన ప్రార్థన

నమ్మినవాళ్ళకి కూడా అసూయ వస్తుందా, వస్తే ఎలా పోగొట్టుకోవాలి అని అడిగారు. వస్తుందండి. నన్నడిగితే నమ్మినవాళ్ళకే ఇంకో పిసరు ఎక్కువ వస్తుంది, ఎందుకంటే మనం దాన్ని ప్రార్థనలో కూడా పెట్టగలం. నేను పెట్టా కాబట్టి చెప్తున్నా.

మా బాబాయి కొడుకు నాకంటే ఆరేళ్ళు చిన్న. తెనాలి దగ్గర మా ఊళ్ళోనే రెండంతస్తులు కట్టాడు, నేనేమో ఇప్పటికీ అద్దింట్లోనే. గృహ ప్రతిష్ఠ రోజు గేటు బయట చెప్పులు విప్పుతూనే టైల్స్ రేటు లెక్కేస్తున్నా. వాక్యం అయ్యాక "అన్నయ్యా, నువ్వు సంఘ పెద్దవి, ఒక మాట ప్రార్థన చెయ్యి" అన్నాడు. కళ్ళు మూసుకుని మొదలెట్టా, ప్రభువా మనుషులు కట్టిన ఇళ్ళు నేలకూలుతాయి, ఈ కుటుంబం గోడల్ని చూసి గర్వపడకుండా కాపాడు, ఉన్నోళ్ళయ్యాక లేని బంధువుల్ని మర్చిపోకుండా కాపాడు... ఒక పావుగంట. బిర్యానీ చల్లారిపోతోందని ఎవరో దగ్గారు కూడా. వాడు మాత్రం ప్రతి మాటకీ గట్టిగా "ఆమెన్" అన్నాడు. భోజనాల దగ్గర వాళ్ళావిడ నా ఆకులో ఇంకో రెండు ముక్కలు వేసి "మంచి ప్రార్థన చేశారు బావగారూ" అంది. ఆ ముక్క గొంతు దిగలేదు.

ఆ రాత్రి బైబిల్లో మత్తయి సువార్త 20వ అధ్యాయం తీశా, ద్రాక్షతోట కూలీల కథ. పొద్దున్నుంచీ పనిచేసినోళ్ళకీ, సాయంత్రం వచ్చినోళ్ళకీ యజమాని ఒకే కూలి ఇస్తాడు, మొదటోళ్ళు సణుగుతారు. చిన్నప్పటినుంచీ విన్నదే. యజమాని చివర్లో అడిగే మాట చూడండి, "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?" అచ్చం మనింట్లో వాడే మాట. మా వైపు మిరపకాయ కోతలకి పొద్దున్నే ఆటోల్లో వస్తారు, సాయంత్రం అయిదింటికి వచ్చినోడికి కూడా అదే కూలి ఇస్తే తోటలోనే కొట్టుకుంటారు, కాబట్టి వాళ్ళ మంట నాకు బాగా తెలుసు. కానీ కథలో మొదటోళ్ళకి ఒక్క పైసా తగ్గలేదండి, ఒప్పుకున్న దేనారం, అంటే ఒక రోజు కూలి, చేతికొచ్చింది. చివరోళ్ళకి ముందు ఇచ్చారు కాబట్టి మొదటోళ్ళు చూశారు, చూశారు కాబట్టి మండింది. ముందే తీసుకుని ఇంటికెళ్ళిపోయుంటే హాయిగా పడుకునేవాళ్ళు. బైబిల్లోని సౌలు రాజుకీ ఇంతే కదా, రాజ్యం ఎక్కడికీ పోలేదు, ఆడవాళ్ళు పాటలో దావీదు చంపిన శత్రువులు పదివేలు, తను చంపినవాళ్ళు వేలు అన్నారని ఆ రోజు నుంచి విషపు చూపు మొదలైంది.

ఇక్కడ ఒకటి చెప్పాలి, మన సంఘాల్లో దేవుడు చేసిన మేలు లేచి చెప్పే సాక్ష్యాల టైమ్ కూడా దీనికి ఆజ్యం పోస్తోంది. వీసా వచ్చింది, స్లాబ్ వేశాం, అమ్మాయికి సీటొచ్చింది, అన్నీ ఇవే. ఈ ఏడు ఏమీ రాలేదు అయినా స్తోత్రం అని లేచినోళ్ళని నేనైతే చూళ్ళేదు. ఇంకొందరు "అసూయ ఆత్మని బంధిస్తున్నాను" అని కేకలేస్తారు, ఏ ఆత్మండీ, అది నా కడుపే. దిష్టి గుమ్మడికాయ కట్టం గానీ "వాళ్ళ కన్ను పడింది" అని మాత్రం గుసగుసలాడతాం.

సరే, ఎలా పోతుందంటారా, నాకు తెలిసింది ఒక్కటే, ఆ మనిషికే చెప్పేయడం. దేవుడి దగ్గర ఒప్పుకోవడం తేలిక, ఆయనకి ముందే తెలుసు. ఇరవై రోజులు తిప్పలుపడి ఒకరోజు పొద్దున వాడు మోటారు వేసి ట్యాంకు నింపుతుంటే వెళ్ళి, ఒరే ఆ రోజు నేను చేసింది ప్రార్థన కాదురా, ఏడుపు అన్నా. వాడు పైపు సరిచేస్తూనే "తెలుసులే అన్నయ్యా, 'నేలకూలుతాయి' అన్నప్పుడే అర్థమైంది" అన్నాడు. మరి ఆమెన్ ఎందుకన్నావురా అంటే "అడిగినవన్నీ నాకు కావాల్సినవేగా, అందుకే అన్నా" అన్నాడు. కాఫీ తాగి వచ్చేశా.

అప్పట్నుంచి రోజూ వాడి పేరు, పిల్లల పేర్లు చెప్పి ప్రార్థిస్తున్నా. మొదటి నెల పళ్ళు కొరుక్కుంటూనే చేశా, తర్వాత కొంచెం మామూలైంది. పూర్తిగా పోయిందా అంటే, మొన్న కారు కొన్నాడు. ప్రార్థన చెయ్యమన్నాడు. ఈసారికి పాస్టర్ గారిని పిలవరా అన్నా.