టెర్రానోకి డస్టర్ పార్టులు పడతాయా?

పడతాయండి. మీ నిస్సాన్ టెర్రానో, పాత రెనో డస్టర్ రెండూ చెన్నై దగ్గర ఒరగడం ఫ్యాక్టరీలో తయారైన కవలలే, 1.5 డీజిల్ ఇంజనూ ఒకటే. కాబట్టి టెర్రానో పేరుతో దొరకని బ్రేక్ ప్యాడ్లు, ఆయిల్ ఫిల్టర్, షాకబ్జార్లు డస్టర్ పేరుతో అడగండి.

క్లచ్ దగ్గర మాత్రం జాగ్రత్త. 85 పీఎస్ (ఇంజను పవర్) మోడల్‌కి 5 గేర్లు, 110 పీఎస్‌కి 6, క్లచ్ కిట్లు వేరు. "డస్టర్ డీజిల్ క్లచ్" అని మాత్రమే చెబితే తప్పుది అంటగడతారు, విప్పి బిగించిన కూలీ దండగ. పాత పార్టు మీది నంబరు ఫొటో తీసి చూపించండి. ప్యాడ్లయితే పాతదాన్ని కొత్తదాని మీద పెట్టి చెవులు (చివర్లలో పొడుచుకొచ్చే కొసలు) సరిచూడండి.

బంపర్, గ్రిల్, హెడ్‌లైట్లు వేరు, డస్టర్‌వాటికోసం తిరగొద్దు.