పున్నమి చూడాలంటే రెండు రాశులూ చూడాలి

శ్రీకాకుళం,
పరాభవ నామ సంవత్సరం, వైశాఖ మాసం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన మూడు జాతకాల గోచార ఫలితాలు, అంటే ఇప్పుడు నడుస్తున్న గ్రహాల్ని జన్మరాశితో పోల్చి చెప్పేవి, చదివాను. తిథి, జన్మనక్షత్రం నుంచి లెక్కించే తారాబలం, జన్మరాశి నుంచి లెక్కించే చంద్రబలం అన్నీ సరిగ్గానే కట్టావు. కానీ పున్నమి దగ్గరికొచ్చేసరికి మూడింట్లోనూ ఒకే పొరపాటు చేశావు. చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో చూసి అక్కడితో ఆగిపోయావు. అవతల, సరిగ్గా ఏడో ఇంట్లో సూర్యుడు కూర్చుని అతన్నే చూస్తున్నాడన్న మాట వదిలేశావు. త్రాసులో ఒక పళ్ళెమే చూసి తూకం చెప్పినట్టుంది.

పుస్తకం కాసేపు పక్కన పెట్టు. వచ్చే పున్నమికి సాయంత్రం కళింగపట్నం వెళ్ళి సముద్రానికి ఎదురుగా నిలబడు. వీపు వెనక సూర్యుడు దిగుతుంటే ముందు నీళ్ళలోంచి చంద్రుడు పైకొస్తాడు. సమసప్తకం, అంటే రెండు గ్రహాలు ఒకదానికొకటి ఏడో ఇంట్లో ఉండటం, ఏటో కంటికి కనబడేది అక్కడే. ఇంకో సంగతి కూడా గమనించు. పుష్య పౌర్ణమినాడు చంద్రుడు అర్ధరాత్రికి నడినెత్తి మీదికి వస్తాడు. జ్యేష్ఠ, ఆషాఢ పున్నములకి దక్షిణం వైపు వాలి కిందుగా వెళ్ళిపోతాడు. సూర్యుడు దీనికి సరిగ్గా తలకిందులు, వేసవిలో నెత్తి మీద, చలికాలంలో దక్షిణాన. ఆరు నెలల తర్వాత సూర్యుడు ఉండబోయే చోట ఇవాళ చంద్రుడు ఉన్నాడన్నమాట. పున్నమి ఫలితంలో ఎదురు రాశిని ఎందుకు వదలకూడదో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఎదురు రాశి అనగానే శత్రు రాశి అనుకోకు, చాలామంది అక్కడే తప్పుతారు. లెక్క చూడు. రాశుల స్వభావాలు మూడు, కదిలే చరం, నిలిచే స్థిరం, రెండూ కలిసిన ద్విస్వభావం. మేషం చరం, తుల చరం. వృషభం స్థిరం, వృశ్చికం స్థిరం. మిథునం, ధనుస్సు రెండూ ద్విస్వభావాలు. ఆరు జంటల్లో ఏది తీసుకున్నా స్వభావం ఒకటే. అగ్నికి ఎదురు ఎప్పుడూ వాయువే, భూమికి ఎదురు ఎప్పుడూ జలమే. ఒకటి ఓజ (బేసి) రాశైతే రెండోదీ ఓజే. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళ లాంటివి ఇవి, గుమ్మాలు మాత్రం వేరు వేరు వైపులకి.

ఇక లెక్క. సూర్యచంద్రుల మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. పౌర్ణమి తిథి 168 డిగ్రీల దగ్గర మొదలై 180 దగ్గర ముగుస్తుంది. కాబట్టి అసలు పున్నమి క్షణం ఆ తిథి చివర. మొదలూ కాదు, మధ్యా కాదు. నువ్వు సూర్యోదయం నాటి నక్షత్రాన్ని తీసుకున్నావు, అది వ్రతాలకి, సంకల్పానికి పనికొస్తుంది, ఫలితానికి పనికిరాదు. 2025 కార్తిక పౌర్ణమి చూడు. తిథి నవంబరు 4 రాత్రి 10.36కి వచ్చి 5 సాయంత్రం 6.48కి పోయింది. 5 ఉదయం సూర్యోదయానికి అశ్విని. తొమ్మిదిన్నర దాటాక భరణి వచ్చేసింది. అసలు పున్నమి భరణి రెండో పాదంలో. పంచాంగంలో ఆ రోజు మొదట రాసి ఉన్న అశ్వినిని పట్టుకుని తార కట్టినవాళ్ళందరి లెక్కా ఒక నక్షత్రం వెనకబడింది.

సూర్యస్ఫుటం, అంటే సూర్యుడు ఉన్న కచ్చితమైన డిగ్రీ, చేతిలో లేకపోతే సంక్రమణం (సూర్యుడు కొత్త రాశిలోకి వచ్చిన రోజు) నుంచి రోజులు లెక్కపెట్టు, రోజుకి ఒక డిగ్రీ. తులా సంక్రమణం అక్టోబరు 17, అక్కడి నుంచి నవంబరు 5కి 19 రోజులు. రవి తులలో 19 డిగ్రీలు, చంద్రుడు మేషంలో 19. అసలు విలువకీ దీనికీ పది కలల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కల) తేడా కూడా రాలేదు. అయితే రాశి సంధి (రాశి మారే చోటు) దగ్గర, నక్షత్రం మారే చోట ఈ మోటు లెక్కని నమ్ముకోకు, ఆకాశంలో కనబడే గ్రహస్థితికి సరిపోయేలా కట్టిన దృక్ పంచాంగం చూసుకో. పాత సూత్రాలతో కట్టే పూర్వ పద్ధతి పంచాంగానికీ దృక్కుకీ తిథి ముగింపులో గంటల తేడా రావచ్చు. ఏదో ఒకదానికే కట్టుబడు. రెండింటినీ కలిపితే తిథి ఒకచోటా నక్షత్రం ఒకచోటా పడుతుంది.

మనవైపు వాళ్ళు తరచూ మర్చిపోయేది ఇంకొకటి. తిథి ముగిసే సమయం దేశమంతా ఒకటే, సూర్యోదయం మాత్రం ఊరుని బట్టి. రేఖాంశం ఒక డిగ్రీ తేడాకి నాలుగు నిమిషాలు. విజయవాడకి వేసిన పంచాంగం కంటే శ్రీకాకుళంలో సుమారు 13 నిమిషాలు ముందే తెల్లవారుతుంది, హైదరాబాదు కంటే దాదాపు 22 నిమిషాలు ముందు. విజయనగరం వాళ్ళకి ఇంతకంటే ఓ రెండు నిమిషాలు తగ్గించుకో. లగ్నం, అంటే పుట్టిన క్షణానికి తూర్పున ఉదయించే రాశి, కట్టేటప్పుడు ఈ సవరణ వదిలేస్తే సంధిలో పుట్టినవాళ్ళకి లగ్నమే మారిపోతుంది. అప్పుడు పున్నమి ఏ భావాల (లగ్నం నుంచి లెక్కించే ఇళ్ళ) మీద పడిందన్న లెక్క మొత్తం పోతుంది.

ఫోన్లో వచ్చే పాశ్చాత్య ఫలితాలతో కూడా జాగ్రత్త. అదే కార్తిక పౌర్ణమిని వాళ్ళు వృషభంలో పున్నమి అన్నారు. వాళ్ళది విషువత్తు నుంచి లెక్కించే సాయనం, మనది స్థిర నక్షత్రాల నుంచి లెక్కించే నిరయనం. ఆ రెండింటి మధ్య తేడా, లాహిరీ అయనాంశ, ఇప్పుడు 24 డిగ్రీలు దాటింది. వాళ్ళ వృషభం 13 డిగ్రీల్లోంచి అది తీసేస్తే మన మేషం 19 వస్తుంది. వాళ్ళ రాశి తీసుకొచ్చి మన జన్మరాశికి అతికిస్తే ఆ ఫలితం ఎవరికీ చెందదు.

ఇప్పుడు అసలు విషయం. గోచారంలో చంద్రుడు జన్మరాశి నుంచి 1, 3, 6, 7, 10, 11 స్థానాల్లో మంచివాడు. రవి 3, 6, 10, 11లో మంచివాడు. పున్నమికి ఇద్దరూ ఏడేసి ఇళ్ళ దూరంలో ఉంటారు కదా, పన్నెండు స్థానాలూ వరసగా వేసి చూడు. చంద్రుడు 10లో ఉంటే రవి 4లో. చంద్రుడు 11లో అయితే రవి 5లో. రవి 3లో బాగుంటే చంద్రుడు 9లో. ఎలా తిప్పినా పున్నమినాడు ఇద్దరూ ఒకేసారి అనుకూలించే రాశి ఒక్కటీ రాదు. పది రాశులకి ఒకరు ఇస్తే ఒకరు ఆపుతారు. చంద్రుడు 2లో, 8లో పడిన రెండు రాశులకి ఇద్దరూ ఇవ్వరు. అందుకే పున్నమికి 'అంతా శుభం' అని రాసిన ఫలితం చూస్తే, రాసినవాడు ఒక గ్రహాన్నే చూశాడని నాకు తెలిసిపోతుంది. నీ మూడింట్లో రెండు అలాగే ఉన్నాయి.

చెప్పే తీరు ఇలా ఉండాలి. కర్కాటక రాశివాళ్ళకి ఆ కార్తిక పున్నమి చంద్రుడు దశమంలో, రవి చతుర్థంలో నీచలో, అంటే బలం తగ్గిన రాశిలో. బయట పని నడుస్తుంది, పేరొస్తుంది. ఇంట్లో తండ్రితోనో పెద్దవాళ్ళతోనో చిరాకు, ఇల్లు వాకిలి పనుల్లో ఆటంకం. రెండూ ఒకే వాక్యంలో చెప్పు. గురుడు అప్పుడు కర్కాటకంలో ఉచ్చలో (బాగా బలమున్న రాశిలో) ఉన్నాడు, చంద్రుడికి నాలుగో ఇల్లు, గజకేసరి అనే శుభయోగం. కాబట్టి ఇంటి చిరాకు పెద్దదవకుండా సర్దుకుంటుందని ఆ పైన చేర్చు. మూడో గ్రహం వచ్చి త్రాసుని ఎటు వంచుతోందో చూడకుండా ముగించకు.

జంటల విషయానికొస్తే, అన్నింటికీ ఒకే బరువు ఇవ్వక్కర్లేదు. మేషం-తుల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టు. రవి మేషంలో 10 డిగ్రీల దగ్గర పరమోచ్చ, తులలో అదే డిగ్రీ దగ్గర పరమనీచ. చైత్ర పౌర్ణమికి రవి మీనం చివరనో మేషంలోనో ఉంటాడు. మేషంలో పడితే రవి బలంగా, చంద్రుడు శుక్రుడి ఇంట్లో. అప్పుడు మనిషి తన మాటే నెగ్గాలంటాడు, భాగస్వామ్య ఒప్పందాలు ఒకవైపు మొగ్గుతాయి. ఆశ్వయుజ పౌర్ణమికి చంద్రుడు మేషం వైపు వచ్చేసరికి రవి కన్య చివరనో తులలోనో ఉంటాడు. తులలో పడితే మనసుకి తొందర, అధికారానికి బలహీనత. పైవాళ్ళతో మాట తగాదా ఇలాంటప్పుడే రేగుతుంది. సంతకాలు ఒక వారం ఆపమని చెప్పు.

వృషభం-వృశ్చికంలో చిక్కంతా చంద్రుడిది. వృషభం 3 డిగ్రీల్లో పరమోచ్చ, వృశ్చికం 3లో పరమనీచ. వైశాఖ, జ్యేష్ఠ పున్నముల్లో చంద్రుడు వృశ్చికంలో పడితే నీచ అని జనాన్ని బెదరగొట్టేవాళ్ళున్నారు. పున్నమి చంద్రుడికి పక్షబలం (వెన్నెల నిండుదనం వల్ల వచ్చే బలం) నిండుగా ఉంటుంది, క్షీణచంద్రుడు నీచలో ఉన్నదానికీ దీనికీ పోలికే లేదు. శక్తికి లోటుండదు, అనుమానం మాత్రం ఎక్కువ. ఈ జంట చేతిలో ఉన్న సొమ్ముకీ, కనబడని అప్పుకీ, పంపకాలకీ సంబంధించింది. అందుకని కొత్త అప్పు, హామీ సంతకం గురించి అడిగితే అప్పుడు ఆగమను.

కర్కాటకం-మకరం ఇల్లు, ఉద్యోగం. పుష్య పౌర్ణమి ఈ జంటలో పడితే చంద్రుడు స్వక్షేత్రంలో (సొంత ఇంట్లో), రవి శని ఇంట్లో, మనసు ఇంటివైపు లాగుతుంది, బాధ్యత పనివైపు. శ్రావణానికి తిరగబడుతుంది. వలస వెళ్ళినవాళ్ళ జాతకాలు మన జిల్లాలో నీ దగ్గరికి ఎన్నో వస్తాయి, ఈ రెండు పున్నములూ వాళ్ళకి ప్రత్యేకంగా చూడు. సింహం-కుంభం అయితే ఒక్కడికీ పదిమందికీ మధ్య. సంఘం, పంచాయతీ, పదవి అడిగినవాళ్ళకి ఇదే ముఖ్యం. మిగిలిన రెండు జంటలూ బుధుడు, గురుడుల మధ్యవే. చదువు, పత్రాలు, ప్రయాణం, ఖర్చు. వాటిలో పున్నమి ఒక్కటే పట్టి పెద్ద ఫలితం చెప్పడానికి ఏమీ ఉండదు.

మాసం పేరు చూసి నక్షత్రం చెప్పేయకు. కార్తికమంటే కృత్తిక, మాఘమంటే మఖ అని నేర్చుకున్నాం గానీ, ఒకటి రెండు నక్షత్రాలు అటూ ఇటూ అవుతాయి. పైన చెప్పిన కార్తిక పౌర్ణమే భరణిలో పడింది. అలాగే ఆరు నెలల తేడా ఉన్న ప్రతి రెండు తేదీలూ ఎదురు రాశులనుకోకు. అరసవల్లిలో స్వామి పాదాల మీద కిరణాలు మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదట్లోనూ పడతాయి. ఎదురు రాశులు కాబట్టే అలా అని ఎవరో నీకు చెప్పారని రాశావు. మార్చి 10కి రవి కుంభం చివర్లో, అక్టోబరు 2కి కన్య మధ్యలో ఉంటాడు, ఎదురు కానే కావు. ఆ రెండుసార్లూ సూర్యుడు ఉదయించే దిక్కు ఒకటే, అంతే.

పున్నమి రాహుకేతువుల దగ్గర పడితే గ్రహణం. మొన్న 2026 మార్చి 3 ఫాల్గుణ పౌర్ణమి సింహం 18 డిగ్రీల్లో, పుబ్బ నక్షత్రంలో. కేతువు సింహంలో, రాహువు కుంభంలో. మనకి చంద్రుడు గ్రస్తోదయంగానే, అంటే గ్రహణం పట్టి ఉండగానే, వచ్చాడు, సాయంత్రం 6.47కి మోక్షం (విడుపు). గ్రహణ పున్నమికి ఆ నక్షత్రంవాళ్ళనీ ఆ రెండు రాశులవాళ్ళనీ విడిగా చూడాలి. మామూలు పున్నమి ఫలితం వాళ్ళకి చెప్పకూడదు.

పౌర్ణమినాడు పుట్టినవాళ్ళ జాతకం వేరే సంగతి. అక్కడ రవిచంద్రుల పరస్పర దృష్టి జన్మతోనే ఉంటుంది. రవి తండ్రి, చంద్రుడు తల్లి. వెంటనే తల్లిదండ్రులకి పడదు అని చెప్పేయకు. ఆ రెండు భావాధిపతులూ చెడితేనే ఆ మాట. లేకపోతే ఆ మనిషి ప్రతి విషయానికీ రెండు వైపులూ చూసి నిర్ణయం ఆలస్యం చేస్తాడని చెబితే సరిపోతుంది. తిథి మొదట్లో పుట్టినవాళ్ళని కూడా పట్టి చూడు. రవి రాశిలో 12 డిగ్రీల లోపు ఉంటే, ఆ సమయానికి చంద్రుడు ఇంకా ఆరో రాశిలోనే ఉంటాడు. పౌర్ణమి జననమే, సమసప్తకం మాత్రం ఉండదు.

నిద్రపట్టడం లేదు, పున్నమికి మనసు అదుపు తప్పుతోంది అని ఎవరైనా వస్తే జాతకం తెరవకు. ముందు డాక్టరు దగ్గరికి పంపు. కార్తిక స్నానానికి బారువా, కళింగపట్నం వెళ్తామంటే పున్నమికీ, దాని తర్వాత రెండు రోజులూ పోటు ఎక్కువగా ఉంటుందని చెప్పడం మర్చిపోకు. అది ఫలితం కాదు, సముద్రం.

ఇక నీకో లెక్క. ఈ ఏడు జ్యేష్ఠం అధికమాసం. మే 31 పౌర్ణమి మధ్యాహ్నం రెండుంబావుకి ముగుస్తుంది. చంద్రుడు అప్పుడు దూరంగా, నెమ్మదిగా ఉంటాడు, తిథి 26 గంటలు సాగుతుంది. కిందటి కార్తికంలో 20 గంటలకే అయిపోయింది. వృషభ సంక్రమణం మే 15 నుంచి రోజులు లెక్కపెడితే రవి 16 డిగ్రీల దగ్గర వస్తాడు, చంద్రుడు వృశ్చికంలో అదే డిగ్రీ. అనూరాధ 16 డిగ్రీల 40 కలలకి ముగుస్తుంది, దాటితే జ్యేష్ఠ. మోటు లెక్క సరిపోని చోటిది. దృక్ పంచాంగం చూసి ఏ నక్షత్రమో తేల్చుకుని, ఆ మూడు జాతకాలకీ రెండు పళ్ళేలూ వేసి మళ్ళీ రాసి పంపు.

ఇట్లు,
మావయ్య