పొద్దుగూకింది అంటే ఏంటని

తమ్ముడూ,

నీ కథ చదివా. మెయిల్ చివర్లో అడిగావు కదా, "వాక్యానికి దాని అర్థం దానికి ఉండనే ఉంటుంది కదన్నా, సందర్భం సంగతి తర్వాత కదా" అని, ముందు దాని గురించే రాస్తా, మిగతావి ఫోన్లో మాట్లాడుకుందాం.

రెండో పేజీలో అత్తగారు ఇంటికొచ్చిన చుట్టంతో "పొద్దుగూకింది" అంటుంది. ఆ వెంటనే నువ్వు "అంటే ఇక బయల్దేరమని ఆమె ఉద్దేశం" అని తగిలించావు. సరిగ్గా ఇదే వాక్యాన్ని మన ఆలంకారికులు, అంటే కావ్యాల్లో మాట ఎలా పనిచేస్తుందో చర్చించిన పాత పండితులు, ఎప్పుడో పట్టుకున్నారు తెలుసా. 11వ శతాబ్దం కాశ్మీరంలో మమ్మటుడు "గతోఽస్తమర్కః" (సూర్యుడు అస్తమించాడు) అనే మాట తీసుకుని, పశువుల కాపరికి ఆవుల్ని ఇంటికి తోలమని, వ్యాపారికి సరుకు సర్దెయ్యమని, ప్రియుడి దగ్గరికి వెళ్ళాల్సిన అమ్మాయికి ఇక కదలమని, ఇలా వినేవాళ్ళని బట్టి ఎన్ని అర్థాలొస్తాయో చూపించాడు. వాచ్యార్థం, అంటే మాట నేరుగా చెప్పేది ఒకటే, వ్యంగ్యార్థాలే, అంటే అది సూచించేవే మారుతున్నాయి అన్నాడు. అంటే సగం నీ పార్టీయే.

కానీ ఆ మారని ముక్కని కూడా 1978లో జాన్ సెర్ల్ అనే అమెరికన్ ఫిలాసఫర్ కెలికాడు. "పిల్లి చాప మీద ఉంది", ఇంతకంటే అమాయకమైన వాక్యం ఉంటుందా? మరి పిల్లీ చాపా అంతరిక్షంలో బరువు లేకుండా తేలుతుంటే ఏది దేని మీద ఉన్నట్టు? కిందా పైనా అనేవి ఉంటాయని మనం చెప్పకుండానే అనుకుంటున్నాం అన్నమాట. అలాగని మాటకి సొంత అర్థమే లేదని ఆయన అన్లేదు, ఇక్కడే చాలామంది తొందరపడతారు, ఆ అర్థం ఇలాంటి చెప్పని ఊహల మీద ఆనుకుని నిలబడుతుంది అన్నాడంతే. చార్లెస్ ట్రావిస్ అనే ఇంకో ఫిలాసఫర్ ఉదాహరణ నాకు ఇంకా నచ్చుతుంది: ఫ్రిజ్‌లో అడుగున కాసిని పాలు ఒలికి ఉన్నాయి, ఇంకేం లేవు. "ఫ్రిజ్‌లో పాలున్నాయి" అని కాఫీ పెట్టుకునేవాడికి చెప్తే అబద్ధం, ఇప్పుడే ఫ్రిజ్ కడిగానని గొప్పలు పోతున్నవాడికి చెప్తే పచ్చి నిజం. ఇక్కడ మాట వెనక వేరే సూచనేం లేదు, మాట నిజమా కాదా అన్నదే మారిపోయింది చూడు.

కాబట్టి నీ పని డైలాగ్ కింద అర్థం రాయడం కాదు, డైలాగ్ పైన ఇల్లు కట్టడం. చుట్టం కాఫీ గ్లాసు ఎప్పుడో ఖాళీ అయింది, అత్తగారు లేచి వరండాలో లైటేసి, గేటు వైపు ఓసారి చూసి వచ్చి కూర్చుంది, అప్పుడు "పొద్దుగూకింది" అననీ. లేవమంటోందని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. అదే ఆవిడ దీపం పెట్టుకుంటూ కొడుకు ఇంకా ఇంటికి రాలేదని తెలిసి అదే మాట అంటే, అది భయం.

నీ కథలో "అంటే" తో మొదలయ్యే వాక్యాలు ఇంకా చాలా ఉన్నాయి, ఒక్కోటీ కొట్టేసి చదువు. సీన్ అందకపోతే దాన్ని మళ్ళీ తెచ్చి పెట్టకు, ముందున్న పేరా రిపేర్ చెయ్యి. అయ్యాక డ్రాఫ్ట్ పంపు, ఈసారి పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైల్ పంపించు, మార్జిన్‌లో గీసి ఇస్తా.

ఉంటా మరి,
అన్నయ్య