తొమ్మిదేళ్ళ బీడులో సర్కారు తుమ్మ: ఒక్కరోజు జేసీబీ పెడితే పోతుందా?

తాతగారి మూడెకరాలను తొమ్మిదేళ్ళుగా సేద్యం లేక సర్కారు తుమ్మ కంప కమ్మేసింది, జేసీబీ పెట్టి ఒక్కరోజులో ఎత్తించేస్తే సరిపోతుందా, లేక మందు కొట్టించాలా అని అడిగారు. హైదరాబాద్ శివారులో పిచ్చిమొక్కలు పెరిగిన 200 గజాల ప్లాట్ గురించి కూడా రాశారు. మాది కడప జిల్లా కమలాపురం వైపు. నాన్న పోయాక పదకొండేళ్ళు వదిలేసిన నాలుగెకరాల చేనును 2019లో బాగు చేయించడం మొదలుపెట్టాను. మొదటిసారి తప్పు చేసి, రెండేళ్ళ తర్వాత మళ్ళీ డబ్బు పెట్టి అదే పని చేయించాల్సి వచ్చింది. మీకు ఆ గతి పట్టకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. చేతిలో ఉన్న డబ్బంతా మొదటి వారంలోనే ఖర్చు పెట్టకండి. సగం రెండో ఏడాదికీ మూడో ఏడాదికీ దాచుకోండి. కంప కొట్టడం సులువు, అది మళ్ళీ రాకుండా చూసుకోవడమే అసలు పని.

సర్కారు తుమ్మ మన చెట్టు కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1870లలో మద్రాసు అటవీశాఖ వంటచెరుకు కోసం గింజలు తెప్పించి, మొదట నాటించిన చోట్లలో మా కమలాపురం ఒకటి. కాబట్టి మా వైపు ఈ కంపతో పోరు ఐదారు తరాలుగా నడుస్తోంది. దాని కాయ తియ్యగా ఉంటుంది. మేకలు, ఆవులు ఇష్టంగా తింటాయి. గింజ మాత్రం అరగదు, పేడలోనో పెంటికల్లోనో బయటికొచ్చి చక్కగా మొలుస్తుంది. మట్టిలో పడ్డ గింజ ఏళ్ళ తరబడి చావకుండా ఉంటుంది. ఈ సంగతి తెలిస్తే ఒక్కరోజు జేసీబీతో ఎందుకు పోదో మీకే అర్థమవుతుంది.

నేను చేసిన తప్పు ఇదీ. కంప కొట్టి బొగ్గు కాల్చేవాళ్ళు వచ్చి, కట్టె మాకిస్తే కూలి అక్కర్లేదన్నారు. పైసా ఖర్చు లేదు కదా అని ఒప్పుకున్నాను. పన్నెండు రోజుల్లో చేను కనిపించింది. అమ్మ గట్టు మీద నిలబడి కళ్ళు తుడుచుకుంది. అయితే వాళ్ళు నేల మట్టానికి నరికారు, మోళ్ళు అలాగే ఉన్నాయి. ఆ ఏడు అక్టోబరు వానలకు ఒక్కో మోడు నుంచి ఆరేడు పిలకలు లేచాయి. ముందు చెట్ల మధ్య మనిషి నడిచే సందు ఉండేది, ఏడాది తిరిగేసరికి అదీ లేదు. మోడుకు డీజిల్ పూస్తే చస్తుందని ఎవరో చెబితే పూయించాను. కొన్ని ఎండాయి, చాలావరకు మళ్ళీ చిగురించాయి. ఈ చెట్టు పిలకలు పుట్టే మొగ్గలు భూమి లోపల, మొదలు దగ్గర ఉంటాయి. ఆ మొదలు పైకి వచ్చేదాకా చెట్టు పోయినట్టు కాదు.

ఆ కట్టెవాళ్ళను తప్పు పట్టను. వాళ్ళకు కట్టె కావాలి, మనకు నేల కావాలి. మీరు కూడా వాళ్ళతోనే మొదలుపెట్టొచ్చు, కూలి మిగులుతుంది. కానీ మోళ్ళు తీయించే జేసీబీని ముందే మాట్లాడుకుని, వాళ్ళు వెళ్ళిన వారం పది రోజుల్లోనే దింపండి.

2021లో అలాగే చేయించాను. మాది నల్లరేగడి. వాన పడి నేల పదును మీద ఉన్నప్పుడు మోడు వేరుతో సహా వస్తుంది. ఎండిన నేలలో పుటుక్కున తెగి సగం లోపలే ఉంటుంది. మరీ తడి మీద బండి దిగబడుతుంది. మాకు వాన వెలిసిన ఆరో రోజు సరిగ్గా కుదిరింది. వెనక వైపు బకెట్‌తో ఒక్కో మోడునూ అడుగున్నర లోతు నుంచి పెళ్ళగించి, మట్టి దులిపి పక్కన వేయించాం. వెనకే ఇద్దరు మనుషులు గడ్డపారలతో మిగిలిన వేర్లు ఏరారు. నాలుగెకరాలకు 22 గంటలు పట్టింది. గంటకు 1,100 చొప్పున 24,200 అయింది. ఇప్పుడు రేటు మీ ఊళ్ళో కనుక్కోండి. డ్రైవర్లు తొందరగా ముగించడానికి ముందు వైపు బకెట్‌తో నేలంతా గీకి కంపను గట్టుకు నెడతామంటారు. ఒప్పుకోకండి. మా అర ఎకరం అలాగే గీకేశాడు, సారమున్న పైమట్టంతా గట్టు పాలైంది. ఇప్పటికీ ఆ మూలలో జొన్న మోకాలి ఎత్తు దాటదు. పని జరిగినంతసేపు మీరుగానీ మీ మనిషిగానీ చేలోనే ఉండాలి.

బండి దిగక ముందు చేయాల్సినవి రెండున్నాయి. ఒకటి హద్దులు. కంప కమ్మిన చేలో గట్లు కనపడవు, పక్క చేనివాళ్ళతో మాట పట్టింపు వస్తే పని ఆగిపోతుంది. సర్వేకు అర్జీ పెట్టి, పక్క రైతుల ఎదుట రాళ్ళు పాతించుకోండి. రెండోది, ఆ చేను పాత రోజుల్లో చూసిన పెద్దమనిషిని తీసుకెళ్ళి చుట్టూ తిరగండి. మా పెదనాన్న ఈశాన్యం మూలకు వెళ్ళొద్దని గట్టిగా ఆపాడు. కంప తొలగించి చూస్తే అక్కడ ఒరలేని పాడుబావి ఉంది. ఆయన రాకపోయుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. మూత లేని బోరు గుంతలు, కిందికి వేలాడే కరెంటు తీగలు, తేనెపట్లు కూడా చూసుకోండి.

పాముల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. కంప కింద ఆకు చెత్తలో రక్తపింజర పడుకుంటే పక్కనే నిలబడినా కనపడదు. కూలీలకు మోకాళ్ళ దాకా గమ్‌బూట్లు మీరే కొనివ్వండి, తుమ్మముల్లు మామూలు చెప్పును చీల్చుకుని దిగుతుంది. కుప్ప చేతితో ఎత్తే ముందు పొడవాటి కర్రతో కదిలించమనండి. ఎవరినైనా పాము కాటేస్తే కట్టు బిగించడం, కోయడం, నాటుమందు ఏదీ వద్దు. కాలు కదలనివ్వకుండా 108లో నేరుగా విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అది ఏ ఆసుపత్రిలో ఉందో పని మొదలయ్యే ముందురోజే కనుక్కుని పెట్టుకోండి.

కుప్పలకు నిప్పు పెట్టకండి. నేను మధ్యాహ్నం పెట్టించాను, గాలి మారి పక్క చేనాయన డ్రిప్ పైపులు కాలిపోయాయి. ఎనిమిది వేలు కట్టాను. డబ్బు కన్నా, ఆయన ముఖం చూడలేకపోవడమే ఎక్కువ బాధించింది. కాయలు లేని కొమ్మలను గట్టు వెంట కంచెగా పేర్పించుకోవచ్చు.

మందు గురించి అడిగారు. గ్లైఫోసేట్ అనే కలుపుమందును అనుమతి ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం ఆంక్ష పెట్టింది. ఎవరో డబ్బా ఇచ్చారని మీరు పిచికారీ చేయకండి. ఎదిగిన తుమ్మకు పైపైన కొడితే ఆకు రాలుతుంది తప్ప మొదలు చస్తుందన్న నమ్మకం లేదు.

వేప, కానుగ, చింత ఉంటే ఉంచేయండి. కొట్టక తప్పకపోతే నీరు, నేల, చెట్ల రక్షణ కోసం ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి కావాలి, అటవీశాఖ ఆఫీసులో అడిగాకే చేయి వేయండి.

మోళ్ళు తీశాక నేలను ఖాళీగా ఉంచితే గింజలన్నీ మొలుస్తాయి. మేము వెంటనే దున్నించి ఎకరాకు 15 కిలోల జనుము చల్లాం. దట్టంగా పెరిగి కింద మొలకలకు ఎండ తగలనివ్వలేదు. పూతకు రాగానే కలియదున్నించాం. తర్వాతి పంటగా ఉలవలు వేశాం. అయినా 2022లో తుమ్మ మొలకలు వందల్లో వచ్చాయి. వాన పడిన మర్నాడు కూలికి వచ్చిన ముగ్గురు అక్కలు ఆరు రోజులు చేత్తో పీకారు. జానెడు ఉన్నప్పుడు వేరుతో వస్తాయి, నడుమెత్తు దాటితే మళ్ళీ గడ్డపారే. ఆ మరుసటి ఏడు రెండు రోజుల్లో అయిపోయింది. ఇప్పుడు నేనే ఊరికెళ్ళినప్పుడు ఒక పూట తిరిగి పీకేస్తున్నాను. తుమ్మకాయలు తిన్న మందలను మాత్రం చేలో తోలనివ్వడం లేదు.

ప్లాట్ పని ఇంత కాదు. బ్రష్ కట్టర్‌తో ఒక పూటలో అవుతుంది. రాళ్ళు, సీసా పెంకులు ఎగిరి కొడతాయి కాబట్టి కళ్ళద్దాలు తప్పనిసరి. అక్కడ పెరిగేది ఎక్కువగా వయ్యారిభామ, అంటే పార్థీనియం. దాన్ని కోస్తే మళ్ళీ చిగురిస్తుంది, పూత రాకముందే గ్లౌజులు వేసుకుని వేరుతో పీకించండి. ఒంటికి తగిలితే చాలామందికి దద్దుర్లు వస్తాయి, ఆయాసం ఉన్నవాళ్ళను ఆ పనికి పెట్టవద్దు. వానాకాలంలో నెలకోసారి వెళ్ళి చూసుకుంటే చెత్త పోసేవాళ్ళూ తగ్గుతారు.

మీ మూడెకరాలు నల్లరేగడా, ఎర్రనేలా అన్నది రాయలేదు. ఎర్రనేలైతే వాన పడ్డ రెండు మూడు రోజులకే బండి దింపొచ్చు, మాలాగా ఆరు రోజులు ఆగితే పదును పోతుంది.