కాంతి, ధ్వని పాఠాలు మొదలుపెట్టబోతున్న మేనకోడలికి

చి. అమ్మడికి అత్తయ్య ఆశీస్సులు.

తొమ్మిదో తరగతికి ధ్వని, పదికి కాంతి నీకే ఇచ్చారని, వచ్చే వారం నుంచే మొదలని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నువ్వు టెన్షన్ పడుతున్నావట. కొత్త పోస్టింగు, కొత్త ఊరు, భయం ఉంటుందిలే. కానీ ఫిజిక్స్ మొత్తంలో పిల్లలు తమ కళ్ళతో చూసి, చెవులతో విని నమ్మగలిగిన పాఠాలు ఇవే. వీటిని బోర్డు మీద నిర్వచనంతో మొదలుపెట్టావంటే చేతికొచ్చిన పంటని వదులుకున్నట్టే. ముందు చూపించు, తర్వాత వాళ్ళ చేతే కొలిపించు, సూత్రం ఆఖర్న రాయి. ఇలా చేస్తే సిలబస్ వెనకబడుతుందని స్టాఫ్‌రూంలో ఎవరో ఒకరు అంటారు. మొదటి వారం నెమ్మదిగా నడిచే మాట నిజమే. లెక్కల దగ్గరికొచ్చేసరికి ఆ వారం తిరిగొస్తుంది.

తరంగం అంటే ఏమిటో చెప్పడానికి వెడల్పాటి టబ్బులో నీళ్ళు చాలు. మధ్యలో ఒక వేపాకు వెయ్యి. నీళ్ళు నిలకడగా అయ్యాక అంచు దగ్గర వేలితో తాకు. అల అవతలి అంచుదాకా వెళ్తుంది. వేపాకు మాత్రం ఉన్నచోటే లేచి దిగుతుంది. అక్కడ ఆగి, "ఏది వెళ్ళింది, ఏది వెళ్ళలేదు?" అని అడుగు. సగం మంది నీళ్ళే వెళ్ళాయంటారు. ఆకుని గమనించినవాళ్ళు కాదంటారు. వాళ్ళని వాదించుకోనివ్వు. తీర్పు నువ్వు చెప్పకు, మళ్ళీ వేలు పెట్టి చూపించు. ఈ ఒక్క ప్రశ్నా పిల్లలకి పట్టుబడితే రెండు పాఠాలకీ సరిపోతుంది. కాలవ దగ్గర మాత్రం ఈ ప్రయోగం చెయ్యొద్దు, ప్రవాహం ఆకుని లాక్కుపోయి అంతా గందరగోళం అవుతుంది.

గాలిలో ధ్వని కంటికి కనపడదు కాబట్టి అక్కడ చిన్న పోలిక కావాలి. దసరాలకి దుర్గమ్మ దర్శనం క్యూలో నిలబడని పిల్లలు మన వైపు తక్కువ. వెనకాల ఎవరో తోస్తారు. ఆ తోపు ఒకరి నుంచి ఒకరికి అందుకుంటూ ముందుదాకా వస్తుంది, తోసినవాడు వెనకే ఉంటాడు. జనం ఒత్తుకున్నచోటు సంపీడనం, వదులైనచోటు విరళీకరణం. మనుషులు కదిలే దిక్కూ తోపు వెళ్ళే దిక్కూ ఒకటే కాబట్టి అది అనుదైర్ఘ్య తరంగం. క్యూలో మనుషులే లేకపోతే తోపు ముందుకి రాదు, గాలి లేనిచోట శబ్దమూ అంతే. సూర్యుడి వెలుగు ఎనిమిది నిమిషాల పైచిలుకులో మన దగ్గరికి వస్తుంది కానీ సూర్యుడి చప్పుడు ఎప్పటికీ రాదని చెప్పు. వెనక బెంచీవాళ్ళు కూడా తలెత్తుతారు.

ధ్వని వేగం పుస్తకంలో చూసి చెప్పకు, పిల్లల చేత కొలిపించు. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే సరిగ్గా చేస్తే ఏ ల్యాబూ అక్కర్లేదు. ఎదురుగా ఖాళీ గ్రౌండ్ ఉన్న పెద్ద మేడ గోడ చూసుకో. గోడ నుంచి టేపుతో సరిగ్గా 60 మీటర్లు కొలిచి గీత గీయించు. ప్రేయర్‌కి ముందే, రోడ్డు మీద ఆటోల రొద మొదలవకముందే చెయ్యాలి. ఒక పిల్లాడు గీత మీద నిలబడి రెండు చెక్క ముక్కలు కొడతాడు. మొదట ప్రతిధ్వని వినపడితే చాలు. తర్వాత ఆ ప్రతిధ్వని వచ్చే క్షణానికే తర్వాతి దెబ్బ పడేలా వేగం సర్దుకోమను. రెండూ కలిసిపోయి ప్రతిధ్వని మాయమైనట్టు అనిపిస్తే లయ కుదిరినట్టు. అప్పుడు ఇంకో పిల్ల స్టాప్‌వాచ్ నొక్కి దెబ్బలు లెక్కపెడుతుంది. లెక్క ఒకటితో కాదు, సున్నాతో మొదలవ్వాలి. మనకి కావలసినవి దెబ్బలు కాదు, దెబ్బల మధ్య ఎడాలు. ఒకటితో మొదలుపెడితే ఒక ఎడం తగ్గి జవాబు తప్పిపోతుంది. ఇరవై అనేసరికి ఏడు సెకన్లకి అటూఇటూగా వస్తుంది. ఒక్కో ఎడంలో శబ్దం పోయి రావడానికి 120 మీటర్లు, ఇరవై ఎడాలకి 2400 మీటర్లు. ఏడుతో భాగిస్తే సెకనుకి 343 మీటర్ల దగ్గర తేలుతుంది. ఒక బృందానికి 330, ఇంకో బృందానికి 355 వచ్చినా కొట్టెయ్యకు, ఎందుకు తేడా వచ్చిందో వాళ్ళనే అడుగు. గాలి వేడెక్కేకొద్దీ డిగ్రీకి సుమారు 0.6 మీటర్ల చొప్పున వేగం పెరుగుతుందని అప్పుడు చెప్పు. సున్నా డిగ్రీల దగ్గర 331 అయితే, మన మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో 356 దాటుతుంది.

రైలు వస్తోందో లేదో పట్టాకి చెవి పెట్టి వినొచ్చని ఎవడో ఒకడు లేస్తాడు. ఇనుములో ధ్వని గాలిలో కంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, నిజమే. ఆ పని చెయ్యొద్దని గట్టిగా చెప్పి, పొడవాటి బెంచీ ఒక చివర చెవి ఆనించి రెండో చివర గోటితో గీకమను. అదే పాఠం అక్కడే వస్తుంది.

ఇక వేగం, పౌనఃపున్యం (సెకనుకి ఎన్ని అలలో, అది హెర్ట్జ్‌లలో), తరంగదైర్ఘ్యం (ఒక్కో అల పొడవు) మధ్య సంబంధం. దీనికి మన విజయవాడ రేడియోనే తీసుకో. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్ మీద వినపడుతుంది. మా చిన్నప్పుడు అనౌన్సర్లు మీటర్లూ, కిలోహెర్ట్జ్‌లూ రెండూ చెప్పేవాళ్ళు. ఆ తరంగదైర్ఘ్యం సుమారు 358 మీటర్లు. ఇంకేమీ చెప్పకుండా ఈ రెండంకెలూ బోర్డు మీద రాసి గుణించమను. 358ని 8,37,000తో గుణిస్తే 29,96,46,000. అంటే దాదాపు సెకనుకి 30 కోట్ల మీటర్లు. ఇది కాంతి వేగమని వాళ్ళకి వాళ్ళే గుర్తుపట్టేదాకా ఆగు. రేడియో తరంగాలూ కాంతీ ఒకే జాతివని నువ్వు ఎంత చెప్పినా రాని నమ్మకం ఆ గుణకారంతో వస్తుంది.

అక్కడి నుంచే ఇంకో ప్రశ్న వెయ్యి. తలుపు తీసి ఉంటే వరండాలో పక్కకి నిలబడ్డ టీచరు మాట వినపడుతుంది, మనిషి కనపడదు. ఎందుకు? 200 హెర్ట్జ్ గొంతు తరంగదైర్ఘ్యం సుమారు 1.7 మీటర్లు, తలుపు వెడల్పు కంటే ఎక్కువ. అందుకే అది తలుపు దాటగానే నాలుగువైపులా పరుచుకుంటుంది. కాంతి తరంగాలు ఒక మిల్లీమీటరులో రెండు వేల దాకా పడతాయి. వాటికి తలుపు మహా వెడల్పు, నేరుగా పోతాయి. ఇది పరీక్షలో రాకపోవచ్చు. అయినా వదలకు, రెండు పాఠాలూ ఒకటేనని పిల్లలకి తెలిసేది ఇక్కడే.

గట్టిగా వినపడటం, సన్నగా వినపడటం పిల్లలు కలిపేస్తారు. కుళాయి కింద ఖాళీ సీసా పెట్టి, కళ్ళు మూసుకుని వినమను. నిండేకొద్దీ శబ్దం సన్నబడుతుంది, ఎందుకంటే లోపల గాలి ఉండే పొడవు తగ్గి పౌనఃపున్యం పెరుగుతుంది. కుళాయి ఎక్కువ తిప్పితే అదే శబ్దం పెద్దదవుతుంది, అది కంపన పరిమితి, అంటే కంపనం ఎంత పెద్దదన్న సంగతి. మృదంగం వాయించే పిల్లలుంటే ఒకరోజు తెమ్మను. విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి.రామన్, కాంతి మీద 1928లో పేరు తెచ్చిన పని చేయకముందే, 1920లో మృదంగం, తబలాల శబ్దం మీద వ్యాసం రాశాడు. మామూలు చర్మ వాయిద్యాల్లో పై స్వరాలు మూల స్వరానికి రెండింతలు, మూడింతలు అన్నట్టు పూర్ణ గుణిజాలుగా రావు. కుడివైపు అద్దే ఆ నల్లటి ముద్ద బరువే వాటిని దారిలో పెడుతుంది.

పదో తరగతి కాంతిలో దర్పణాలకి స్టీలు గరిటె చాలు. సంజ్ఞా సాంప్రదాయం, అంటే ఏ దూరానికి ప్లస్, ఏ దూరానికి మైనస్ అన్నది, ఒక్కటే పద్ధతి పట్టుకుని చివరిదాకా అదే వాడు, మధ్యలో మార్చకు. కిరణ చిత్రాలు పెన్సిలు, స్కేలుతో వేయించు, బాణం గుర్తు లేకపోతే మార్కు ఇవ్వకు.

వక్రీభవనం, అంటే గాలి నుంచి నీళ్ళలోకో, నీళ్ళ నుంచి గాలిలోకో పోయేటప్పుడు కాంతి వంగడం, దాని దగ్గర మాత్రం ఆగాలి. గిన్నెలో రూపాయి బిళ్ళ వేసి, అది కనపడకుండా పోయేదాకా పిల్లాణ్ణి వెనక్కి జరగమను. నువ్వు నీళ్ళు పోస్తే బిళ్ళ మళ్ళీ కనపడుతుంది. నీటి వక్రీభవన గుణకం (గాలిలో కాంతి వేగం నీటిలో వేగానికి ఎన్ని రెట్లో ఆ అంకె) 1.33, కాబట్టి పైనుంచి చూస్తే లోతు ముప్పాతికే కనిపిస్తుంది. ఎనిమిది అడుగులు ఆరడుగులనిపిస్తాయి. పక్క నుంచి చూస్తే ఇంకా తక్కువ. కృష్ణలో ఘాట్ల దగ్గర మెడలోతే అనుకుని దిగే పిల్లల గురించి ఏటా వింటూనే ఉన్నాం. ఈ లెక్క చేయించిన రోజే ఆ మాట చెప్పు, తప్పకుండా చెప్పు. నీళ్ళలోకి వెళ్ళాక వేగం, తరంగదైర్ఘ్యం తగ్గుతాయి, పౌనఃపున్యం మారదు అనేది కూడా అప్పుడే గట్టిగా పట్టించు. పరీక్షల్లో ఎక్కువమంది జారేది అక్కడే.

భూతద్దంతో సూర్యుణ్ణి చూడనివ్వకు, లేజర్ లైటు ఎవరి ముఖం మీదా వెయ్యనివ్వకు.

నా దగ్గర 256, 512 హెర్ట్జ్ శృతిదండాలు (కొడితే ఒకే స్వరం పలికే ఇనుప కవలు) రెండున్నాయి, మీ నాన్న ఆదివారం వచ్చినప్పుడు ఇచ్చి పంపిస్తాను. బల్ల అంచుకి కొట్టనివ్వకు, పాడవుతాయి. రబ్బరు దిమ్మ కూడా అందులోనే పెట్టాను.

మీ అత్తయ్య,
సత్యనారాయణపురం, విజయవాడ.